సబ్బుముక్క మీద నడిచిన కారు

మొన్న ఒక పెళ్లిపత్రిక వచ్చింది. మా వీధి చివరి బట్టలకొట్టు వాళ్ల అమ్మాయిది. పసుపు పెట్టిన ఆ అట్ట చేతికి రాగానే, పేర్లు చదవకముందే, నా బొటనవేలూ చూపుడువేలూ దాని అంచు పట్టుకుని నలిపి చూశాయి. మందం బాగానే ఉంది. “పంపుకు సరిపోతది” అనేశాను. పత్రిక ఇచ్చిన పిల్ల “ఏంది పెద్దమ్మా?” అంది. ఏం లేదు బిడ్డా, కూచో అని మజ్జిగ ఇచ్చి పంపించాను.

ఆ అలవాటు నాది కాదు. మా బావది. అంటే మా ఆయనకు అన్న. ఆయన పోయి రెండేళ్లయింది.

బావకు ఒక పాత కారు ఉండేది. ఒకప్పుడు ఆఫీసర్లు తిరిగిన గుండ్రటి మూపుల తెల్ల కారు. దాని ఇంజనుకు పెట్రోలు పంపు బిగించేచోట మధ్యలో ఒక అట్ట ఉండాలి. లేకపోతే నూనె కారుతుంది. దాన్ని గ్యాస్కెట్టు అంటారట. దుకాణంలో దొరికేదాన్ని ఆయన ఎన్నడూ కొనలేదు. పెళ్లిపత్రికలతోనే కోసేవాడు. పత్రికను పంపు మూతి మీద పెట్టి, చిన్న సుత్తితో అంచుల వెంబడి టకటక కొడితే ఆకారం అచ్చు పడేది. ఆ అచ్చు మీద భార్య కత్తెరతో కత్తిరించి, గ్రీజు పూసి బిగించేవాడు. పల్చటి పత్రికలు పక్కన పడేసేవాడు, మందపువి పరుపు కింద దాచేవాడు. “ఈ నడుమ పత్రికలకు ప్లాస్టిక్ పూత పూస్తాన్రు. వేడికి ముడుచుకపోతది. పెండ్లిళ్లు గిట్లయితే ఎట్ల?” అని నిజంగానే బాధపడేవాడు.

ఒకసారి ఒక జంట ఆయన కొట్లోకి తాళ్లు కొనడానికి వచ్చి, కొట్లోనే పోట్లాట పెట్టుకున్నారు. బావకు గిర్మాజిపేటలో తాళ్లు, గోనెసంచుల కొట్టు. వాళ్ల పత్రిక అప్పటికి బండిలో ఉంది. బావ తాడు కొలుస్తూనే, “నాలుగేండ్లయితాంది, మీ అట్ట సుక్క కారలె. మీకేమైంది?” అన్నాడట. వాళ్లకు ఏమీ అర్థం కాక, పోట్లాట ఆపి మొహాలు చూసుకున్నారట.

మా ఇళ్లలో బావ ఎదుట నిలబడి మరదలు మాట్లాడే పద్ధతి లేదు. ఆయన ముందే కూచుని ఉన్నా, “అక్కా, బావను చాయ్ తాగుమను” అని ఆయన భార్యతో అనాలి. ఆమె నాకు యారాలు, అంటే తోడికోడలు, నేను అక్క అంటాను. అక్క మధ్యలో నిలబడి నా మాట ఆయనకు, ఆయన మాట నాకు అందించేది. ఆయన అంతా విని కూడా, అక్క చెప్పేదాకా ఆగి, అప్పుడు తల ఊపేవాడు. రెండు కుటుంబాలం, ఒకటే వాకిలి, ముప్పై ఏళ్లు. మాట్లాడకపోతే మనిషి బాగా కనిపిస్తాడు. అందుకేనేమో ఆయన ప్రతి కదలికా నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

కారు ఆగిపోయిందంటే ముందు చీపురు కోసం వచ్చేవాడు. కార్బురేటర్‌లో పెట్రోలు దూకే సన్న రంధ్రం ఒకటుంటుంది. అందులో నలుసు పడితే బండి దగ్గుతుంది. మెకానిక్కులు తీగ పెట్టి పొడుస్తారు, బావకు అది నచ్చదు. “తీగ పెడితే బొక్క పెద్దగయితది. ముక్కు కుట్టిన ఆడపిల్లకు ఇనుప మొల పెడ్తమా?” అని, మెత్తని గడ్డిచీపురులోంచి సన్నటి ఈక ఒకటి ఏరుకునేవాడు. ఒక ఈకకు పది ఈకలు పీకి చూసేవాడు.

“ఇంట్ల చీపురుకు నెత్తి మీద ఎంటికె ఉంచుతలేడు” అని అక్క తిట్టేది.

“నీ చీపురు ఇల్లు ఒక్కటే ఊడుస్తది. ఇప్పుడు ఇంజను గూడ ఊడుస్తాంది. పెద్ద నౌకరి దొరికింది, సంబురపడు” అనేవాడు.

పెట్రోలు గొట్టం మధ్యలో మోటారు సైకిలుకు వాడే చిన్న వడపోత జాలి పెట్టాడు. గాజులాగా లోపలంతా కనిపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా బానెట్ ఎత్తి, “బండి ఏం తాగుతాందో మనకు కండ్ల పడాలె” అని చేపల తొట్టి చూపించినట్టు చూపించేవాడు. చూసినవాళ్లు ఏం చెప్పాలో తెలియక, బాగుంది అనేవారు.

ఆయన మాట ఇంకొకటి ఉండేది. “పెట్రోలుకు నోరు లేదు. ముక్కుతోని వినాలె.” రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, నాలుగు మూలలా వాసన చూసేవాడు. వాసన రోజూ కొంత ఉండేదే. అది ఎక్కువైందా, తక్కువైందా అన్నది ఆయనకు ఒక్కడికే తెలిసేది.

ఇంత యాతన దేనికంటే, పాలకుర్తి కోసం. నెలకోసారి ఆదివారం నాడు మా వీధిలో బస్సెక్కలేని ముసలివాళ్లను నలుగురైదుగురిని ఎక్కించుకుని గుట్ట మీది సోమన్న దేవుని దగ్గరికి తీసుకుపోయేవాడు. అందులో మల్లవ్వ అని ఒకామె, మోకాళ్లు పట్టేసిన మనిషి, వారం ముందు నుంచే మూట కట్టుకుని కూచునేది. ఎండాకాలంలో మడికొండ దాటేసరికి బండి ఒకసారి ఆగడం ఆనవాయితీ. పంపు వేడెక్కి పెట్రోలు లోపలే ఆవిరైపోతుంది. బావ కంగారుపడేవాడు కాదు. గోనెపట్టా ముక్క తడిపి పంపు మీద కప్పేవాడు. “దానికి జెరమచ్చింది. తడిబట్ట ఏసిన. జర సేపు” అనేవాడు. ముసలివాళ్లు అక్కడే కొత్త ఇళ్ల బోర్డు నీడన కూచుని అటుకులు తిని, ముచ్చట్లు పెట్టుకునేవారు. గుడి ముచ్చట కంటే ఆ ముచ్చటే బాగుండేదని మల్లవ్వ నాతో చెప్పింది.

బావ కొడుకు శ్రీనుకు ఆ మడికొండలోనే కంపెనీలో పని. ఆఫీసు బస్సులో పోతూ, రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడ్డ తండ్రిని రెండుమూడుసార్లు చూశాడు. “నాయినా, అది బండి కాదు, తలనొప్పి. పాత ఇనుముకు ఇచ్చేద్దాం. ముసలోళ్లకు ఏమన్నయితే ఎవరు జవాబు చెప్తరు?” అనేవాడు. అతను అన్నదాంట్లోనూ తప్పులేదు. బావ మాత్రం, “నడిచినన్ని రోజులు నడువనియ్యి” అని అక్కడితో ఆపేవాడు. బండి ఏదో ఒకరోజు పోతుందన్న దిగులు ఆయనకు ఉండేది. పరుపు కింది పత్రికలు లెక్కపెట్టుకునేటప్పుడు ఆ దిగులు కనిపించేది.

ఒక ఏడు దసరాకు పదిరోజుల ముందు పాలకుర్తి నుంచి వస్తుంటే దారిలో ఒక రాయి ఎగిరి ట్యాంకుకు తగిలిందట. సన్నగా బీట పడి పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. బావ బండి ఆపి, అందరినీ దూరంగా కూచోబెట్టి, “మీల ఎవరి మూటల్నన్న బట్టల సబ్బున్నదా?” అని అడిగాడు. కోనేట్లో బట్టలు పిండుకుందామని తెచ్చుకున్న ముక్క మల్లవ్వ దగ్గర ఉంది. ఆ పొడి సబ్బును బీటలోకి పాముతూ పోతే, కారడం ఆగిపోయింది. సబ్బును పెట్రోలు కరిగించలేదట. ఇంటికి వచ్చాక ఆ కథ ఎంతమందికి చెప్పాడో. “మల్లవ్వ సబ్బు మీద ముప్పై మైళ్లు వచ్చినం” అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. చెప్పడంలో పడి, దాన్ని సరిగా బాగు చేయించడం రేపు మాపు అంటూ ఆగిపోయింది.

దసరా పొద్దున బావ బంతిపూలు తేవడానికి పోయాడు. బండికి పూజ చేయాలి కదా, ఆయన వచ్చేసరికి కడిగి పెడితే సంతోషిస్తాడని నాకు బుద్ధి పుట్టింది. నల్లాకు పైపు తగిలించి, కొబ్బరిపీచు పట్టుకుని మొదలుపెట్టాను. చక్రాలు కడిగాను, అద్దాలు కడిగాను. పండుగ పూట సగం కడగడం ఏమిటని, వంగి డిక్కీ కింద కూడా కడిగాను. అక్కడ ఏదో తెల్లటి మురికి ముద్ద కట్టి ఉంది. పిట్ట రెట్ట అనుకున్నాను. పీచుతో గట్టిగా గీకాను. నురుగు కూడా వచ్చింది.

సబ్బు కథ నాకు తెలియక కాదు. అయితే పెట్రోలు తాగేది ఇంజను కాబట్టి, ట్యాంకు కూడా ముందరే ఉంటుందని నా లెక్క. పొయ్యి పక్కనే కదా ఒకప్పుడు కిరసనాయిలు డబ్బా పెట్టుకునేవాళ్లం. వెనక మూత తీసి పోస్తారు, అక్కడి నుంచి గొట్టంలో ముందుకు పోతుందనుకున్నాను. ముప్పై ఏళ్లుగా రోజూ బట్టలు ఉతికే చేతులు నావి. సబ్బు చేతికి తగిలినా పోల్చుకోలేదు. కింద చుక్కలు పడుతుంటే నీళ్లే అనుకున్నాను.

బావ వచ్చి, మెరుస్తున్న బండిని చూసి, నా వైపు తిరగకుండానే, “ఎవరో మంచిగ కడిగిన్రే” అని అక్కతో అన్నాడు. నాకు కడుపు నిండింది. దండ వేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. శ్రీను కూతురు, మూడేళ్ల పిల్ల, బంపరు దగ్గర కూచుని బంతిపూల రేకులు తుంపుతోంది. అక్క పళ్లెంలో కర్పూరం వెలిగించి హారతి ఇవ్వబోయింది.

బావ ముక్కు పైకెత్తాడు.

“ఆగు” అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. అక్క చేతిలోని పళ్లెం అందుకుని, నిండా పాలున్న గిన్నెను మోసుకుపోయినట్టు, మెల్లగా, ఒక్కొక్క అడుగే వేస్తూ గేటు దాటి, రోడ్డు అవతలి గోడ మీద పెట్టి వచ్చాడు. “ఎవ్వరు ఉరుకొద్దు. పిల్లను ఎత్తుకొని బయటికి నడువుండ్రి. స్విచ్చులు ముట్టకుండ్రి.” అందరం బయటికి వచ్చాక ఒక్కడే వెనక్కి వెళ్లి వంగి చూశాడు. తడి మీద ఇసుక చల్లాడు. తర్వాత బండిని స్టార్టు చేయకుండానే, మగవాళ్లందరూ తోసి, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో పెట్టారు. కారేచోట బకెట్టు పెట్టి ఉన్న పెట్రోలంతా దాంట్లోకి దించేశాడు.

శ్రీను తన బిడ్డను భుజం మీంచి దించలేదు. “ఇగ చాలు నాయినా. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. పండుగెల్లంగనే ఇనుపసామానోనికి ఇచ్చేద్దాం” అన్నాడు.

నల్లా దగ్గర నా కొబ్బరిపీచు పడి ఉంది. బావ దాన్ని తీసి వాసన చూశాడు. చూసి, ఒక్కసారి నా వైపు చూశాడు. ఆయన ఆ పీచును చెత్తబుట్టలో వేసి, దాని మీద అరిటాకులు కప్పాడు.

“తప్పు నాదే” అన్నాడు కొడుకుతో. “సబ్బు పెట్టి మరిచిన. గట్లనే ఇచ్చేద్దాం.”

ఆ పూట పులిహోర సగం గిన్నెలోనే మిగిలింది. మధ్యాహ్నం నేను అక్క వాళ్లింట్లోకి పోతే, బావ పరుపు ఎత్తి పెళ్లిపత్రికలన్నీ కట్ట కట్టి అక్క చేతిలో పెడుతున్నాడు. “పాతపేపర్లల్ల ఎయ్యి” అన్నాడు. ఆ కట్టను చూశాక నేను ఇంట్లో కూచోలేకపోయాను. ఆయన నా పేరు బయట పెట్టకుండా బండిని వదులుకుంటున్నాడు. నేను నోరు మూసుకుంటే పండుగ చల్లగా గడిచిపోతుంది, బండి మాత్రం పోతుంది.

సాయంత్రం జమ్మి తెచ్చారు. జమ్మి ఆకు బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. నా వంతు వచ్చింది. బావ చేతిలో ఆకు పెట్టి మొక్కాను. లేచి, అక్కడే నిలబడ్డాను.

“బావా” అన్నాను.

అక్క అలవాటు కొద్దీ ఆయన వైపు తిరిగి, “బావా అంటాంది” అని అందించింది.

“ఆ సబ్బు నేనే గీకిన. మురికి అనుకొని పీచుతోని గీకిన. బండిది తప్పు లేదు, నీది తప్పు లేదు. నేను చేసినదానికి దాన్ని ఇయ్యకు.”

“ఆమెనే గీకిందట” అంది అక్క.

“విన్న” అన్నాడు బావ.

మా ఆయన తల దించుకున్నాడు. శ్రీను కోపిష్ఠి కాదు, ఆలోచించే పిల్లవాడు. “చిన్నమ్మా, నువ్వు గీకకపోతే ఒక వానకు ఊడుతుండె. గుంతల నీళ్లకు ఊడుతుండె. సబ్బు మీద పదిరోజులు బండి నిలబెట్టిండు సూడు, తప్పు అది” అన్నాడు.

బావ జమ్మి ఆకును అరచేతిలో పెట్టుకుని చూస్తూ, “ఔ” అన్నాడు. “సబ్బు ఇల్లు చేరేదాంకనే. ఇల్లు చేరినంక గూడ నేను ముచ్చట్లు చెప్పుకుంట తిరిగిన. అది నాది.”

తండ్రి అట్లా ఒప్పుకోవడం శ్రీను ఎప్పుడూ వినలేదేమో. గొంతు మెత్తబడింది. “అయితే ఒక పని చెయ్యి. ట్యాంకు ఇప్పి సక్కగ రేకు మాటు ఏయించు. నా కండ్ల ముందట దాని మీద నీళ్లు పొయ్యి. నీళ్లు పోసినంక గూడ సుక్క కారకపోతే ఉంచుకుందాం. కారితే ఇచ్చేద్దాం. మల్ల మాట్లాడద్దు.”

“మాట్లాడ” అన్నాడు బావ.

ట్యాంకు ఊడదీసి వాకిట్లో పెట్టాడు. లోపల పెట్రోలు వాసన ఇంత మిగిలినా వేడి సోకితే పేలుతుందని, కడిగే పని చాలా ఉందన్నాడు. ఆ పని నాది అన్నాను. వేడినీళ్లు, బట్టల సోడా, గుప్పెడు సన్న కంకర పోసి, అక్క ఒక చెవి నేనొక చెవి పట్టుకుని, చాటలో బియ్యం చెరిగినట్టు ఊపాం. ఎర్రటి తుప్పునీళ్లు వచ్చాయి. మళ్లీ పోసి మళ్లీ ఊపాం. ఎన్నిసార్లో గుర్తులేదు. చేతులు పడిపోయాయి. “ఇద్దరు కోడండ్లు కలిసి దేన్నన్న ఇంత కడిగింది ఇదే మొదలు” అని మా ఆయన అరుగు మీంచి ఎగతాళి చేశాడు. నీళ్లు తేటగా వచ్చాక నాలుగురోజులు మూత తీసి ఎండబెట్టాం.

అయిదోనాడు బావ ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు ఉన్నాడు. తర్వాత లేచి, అక్క కోసం చూడకుండా, నాతోనే అన్నాడు. “బిడ్డా, నువ్వొకసారి సూడు. నా ముక్కు పాతదైంది.”

నేను వంగి చూశాను. ఇనుము వాసన, సోడా వాసన, అంతే. పెట్రోలు వాసన లేదన్నాను. ఆ మాట మీదనే ట్యాంకును సైకిలు వెనక కట్టుకుని, డబ్బాలకు మాట్లు వేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ కూడా లోపల ఆవిరికి చోటు లేకుండా బీట అంచుదాకా నీళ్లు నింపించి, అప్పుడే పని మొదలుపెట్టనిచ్చాడట. నూనెడబ్బా రేకు ముక్క ఒకటి కోసి, పైన పెట్టి తగరంతో అతికించారు. ముసలాయన నవ్వి, “నువ్వు మాటు ఏయించుకుంటున్నవా, ఆపరేషన్ చేయించుకుంటున్నవా?” అన్నాడట.

ఆదివారం పొద్దున ట్యాంకు బిగించి పెట్రోలు పోశారు. శ్రీను గోనెసంచి పరుచుకుని డిక్కీ కిందికి సగం దూరాడు. బావ నిండు బకెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. “నువ్వే పొయ్యి” అన్నాడు.

ఆ మాటు మీదనే పోశాను. పీచు తెప్పించి రుద్దమన్నాడు, రుద్దాను. ఇంకో బకెట్టు పోశాను. శ్రీను పొడిబట్టతో అంతా తుడిచి, కింద పాతపేపరు పరిచి బయటికి వచ్చాడు. అక్క చాయ్ పెట్టింది. అందరం నిలబడే తాగాం. బావ ఒక్కడే తాగలేదు. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆయన కారు వైపు చూడడం లేదు, కొడుకు మొహం చూస్తున్నాడు.

శ్రీను వంగి పేపరు లాగాడు. రెండువైపులా తిప్పి చూశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. మొహానికి దగ్గరగా పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూశాడు.

పేపరును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, “పాలకుర్తికి ఎప్పుడు పోతాన్రు?” అన్నాడు.

“వచ్చే ఆదివారం” అన్నాడు బావ.

“నేను గూడ వస్త. పంపు యాడుంటదో, ఆగితే ఏం చెయ్యాల్నో జర నాకు చూపియ్యి.”

బావ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు నా చేతికే ఇచ్చి, బానెట్ ఎత్తాడు.